ముందే చెప్పిన సాక్ష్యం

రేగడిపాలెం,
1958 జనవరి.

రేగడిపాలెం క్రైస్తవ సంఘస్థులకు, ఊరి పెద్దలకు, కోళ్లకు, మేకలకు, మంగళగిరి ఆసుపత్రిలో మంచమెక్కి మమ్మల్నందరినీ మరిచిపోయిన కొండమ్మగారికి గంట కొట్టి మరీ చాటించునది:

సదరు కొండమ్మగారి నల్లకోడి గడిచిన శుక్రవారం స్త్రీల కూటం జరుగుచుండగా, ఎవరి సెలవూ అడగక ప్రసంగ పీఠం కింద దూరి గుడ్డు పెట్టినది. ఆ గుడ్డు కోడి గలవారిదా, పీఠం గల సంఘానిదా అని పెద్దలు రెండు పూటలు కూర్చుండి, కాఫీలు తాగి, ఏమీ తేల్చలేక లేచిపోయినారు. తీర్పు వచ్చులోపల ఆ గుడ్డును ప్రేమదాసు అనువాడు పొరటు వేయించుకుని తినివేసినాడు. కావున ఉభయపక్షములు శాంతించవలెను.

అక్కా, నవ్వావా? నవ్వితే దగ్గు వస్తుందేమో, మెల్లగా నవ్వు.

ఇక్కడ మిరపకోతలు మొదలయ్యాయి. మాలకొండయ్యగారి కళ్లంలో కాయ ఎండబోసి కాపలా ఉంటున్నాను. పగలు కళ్లం, ఆదివారం గుడి గంట. నాలుగో తరగతి చదివినవాడికి ఇంతకంటే ఉద్యోగాలు ఏముంటాయి? నీ మరదలు రెబ్కా నీకు వందనాలు చెప్పమంది. నీ బైబిలు సంచీ లేకుండా చుట్టుపక్కల పల్లెలు బోసిపోయాయని అందరూ అంటున్నారు. కొండమ్మ ఎప్పుడొస్తుందని అడిగినవాళ్లకు, డాక్టర్లకు వాక్యం చెప్పడానికి పోయింది, వాళ్లు మారుమనస్సు పొందగానే వస్తుంది అని చెబుతున్నాను.

నిన్ను పత్తి బోరేల మధ్య పడుకోబెట్టి బండి తోలుకుపోయిన రోజున నీ నోటికి అడ్డం పెట్టుకున్న గుడ్డ మీది నెత్తురు నేను చూశాను. చూడనట్టు ఎద్దుల్ని తిట్టాను. ఆపరేషను సంగతి డాక్టరు ఏమన్నాడో రాయి. దాచకు.

నీ తమ్ముడు,
ప్రేమదాసు.


మంగళగిరి, ఆసుపత్రి,
జనవరి నెలాఖరు.

తమ్ముడు ప్రేమదాసును ప్రభువు దీవించుగాక.

నా కోడి గుడ్డు తిన్నందుకు ప్రభువు నిన్ను క్షమిస్తాడు. నేను క్షమించను.

ఇక్కడ బాగానే ఉంది. పొద్దున పాలు, రొట్టె. సూదిమందు వేస్తున్నారు. పొడుగాటి వార్డు, ఇటొక వరుస మంచాలు, అటొక వరుస. నా పక్క మంచం రసూల్‌బీది. ఆమెది గుంటూరు, భర్త అబ్దుల్ ఖాదర్ గారు పత్తి మిల్లులో పని చేస్తారు. మంచి మనిషి, ఆమె నమాజు ఆమె చేసుకుంటుంది, నా ప్రార్థన నేను చేసుకుంటాను, మిగతా సేపు ఇద్దరం వంటల గురించి మాట్లాడుకుంటాం. ఎదురు మంచంలో మల్లేశ్వరి అని ఇక్కడే మంగళగిరిలో చీరలు నేసేవాళ్ల అమ్మాయి ఉండేది. పోయిన వారం మంచం ఖాళీ అయింది. ఇంటికి పోయి ఉంటుంది.

డాక్టరు గారు ఆపరేషను మాట ఎత్తడం లేదు. సూదులతోనే నయమవుతుందేమో. అవసరం రాకపోవచ్చు. నువ్వు కంగారుపడి సంఘాన్ని కంగారు పెట్టకు. గంట తాడు అరిగింది, తెగి నెత్తిన పడకముందే మార్చు.

నీ అక్క,
కొండమ్మ.


రేగడిపాలెం,
ఫిబ్రవరి.

అక్క కొండమ్మకు, తమ్ముడు కోపంతో రాయునది.

మొన్న మాలకొండయ్యగారి పత్తి ఎత్తుకుపోవడానికి గుంటూరు నుంచి లారీ వచ్చింది. లారీతో వచ్చినాయన గెడ్డం తుడుచుకుంటూ, ఈ ఊళ్లో ప్రేమదాసు ఎవరని అడిగాడు. బాకీల వాడేమో అనుకుని, వాడు చచ్చిపోయాడండీ అన్నాను. ఆయన పాపం నిజమనుకుని అయ్యో అన్నాడు. తర్వాత తేలింది, ఆయన మీ రసూల్‌బీ భర్త ఖాదరు గారని.

నీడలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. ఆయన చెప్పిందంతా విన్నాక ఆ చెంబులో మిగిలిన నీళ్లు నేను తాగాను. డాక్టరు రెండుసార్లు కాగితం తెచ్చాడట. రెండుసార్లూ నువ్వు సంతకం పెట్టనన్నావట. పొద్దుగూకితే దుప్పటి మొహం మీదికి లాక్కుని ఏడుస్తున్నావని వాళ్లావిడ చెప్పిందట. సూదులు ఇక పనిచేయవని, ఎండలు ముదిరేలోపల ఆపరేషను చెయ్యకపోతే ఆ తర్వాత చేసి లాభం లేదని డాక్టరు నీకూ, రసూల్‌బీకీ తెలియజెప్పాడట.

అక్కా, ఈ ఇంట్లో అబద్ధాలాడడం నా వంతు. నిజాలు చెప్పడం నీ వంతు. నా పని కూడా నువ్వే లాక్కుంటే నేనెట్లా బతకాలి?

లాభం లేదు అంటే ఏమిటో ఖాదరు గారిని అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఇద్దరం లారీ టైర్ల వంక చూస్తూ కూర్చున్నాం.

సంతకం పెట్టు.

ప్రేమదాసు.


మంగళగిరి, ఆసుపత్రి,
ఫిబ్రవరి.

దాసూ,

ఖాదరు గారు చెప్పింది నిజమే.

ఏం చేస్తారో నీకు చెబుతాను. నా ఒక్కదాని తలలో పెట్టుకోలేకపోతున్నాను. వీపు పక్కన కోసి, కొన్ని పక్కటెముకలు తీసేస్తారు. అప్పుడు ఆ వైపు ఊపిరితిత్తి అణిగి, క్షయతో దానిలో పడ్డ గొయ్యి మూసుకుంటుందట. పూర్తిగా మత్తు ఇవ్వరట. కోసే చోట మొద్దుబారడానికి సూదులు వేస్తారు, అంతే. మెలకువగానే ఉంటావమ్మా, కదలకుండా ఉంటే చాలు అని నర్సమ్మ చెప్పింది. ఎముక తెగే చప్పుడు మనకే వినపడుతుందట. ఆ మాట చెప్పినప్పటి నుంచి నాకు అన్నం దిగడం లేదు.

మల్లేశ్వరి ఇంటికి పోయిందని రాశాను. పోలేదు. ఆపరేషనుకి తీసుకుపోయారు. జడలో కనకాంబరాలు పెట్టుకుని పోయింది. మళ్లీ రాలేదు. మర్నాడు పరుపు ఎండలో వేసి, మంచాన్ని మందునీళ్లతో కడిగారు. ఏమైందని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఈ వార్డులో ఆ ప్రశ్న ఎవరూ అడగరు. అడిగినవాళ్ల వంతు ముందుకొస్తుందని అందరి భయం.

కలరా వచ్చిన ఇళ్లల్లోకి పోయి, భయపడకండమ్మా అన్నదాన్ని నేను. పాము కరిచిన పిల్లాడి పక్కన కూర్చుని వాడి తల్లితో ఆ మాటే అన్నాను. అంత తేలిగ్గా ఎట్లా అన్నానురా? ఆమె నా వంక చూసిన చూపు ఇప్పుడు అర్థమవుతోంది. సంచీ మంచం కింద ఉంది. తెరవడం లేదు. మోకాళ్లూనితే మాట రావడం లేదు. పొద్దున తలుపు దగ్గర బండి చక్రాల చప్పుడైతే నా కోసమేనని ఒళ్లు చల్లబడిపోతుంది.

సంఘంలో ఈ సంగతి తెలియనీయకు. బైబిలు స్త్రీకే ఇంత భయమైతే ఇక మన గతేమిటని వాళ్లు అనుకుంటారు. సంతకం పెట్టమని మళ్లీ రాయకు. ఇంటికొచ్చి మన చావిట్లోనే పడుకుంటాను. ఏం జరిగినా అక్కడే జరుగుతుంది.

కొండమ్మ.


రేగడిపాలెం,
ఫిబ్రవరి నెలాఖరు, ఆదివారం.

అక్కా,

ఒక పని చేశాను. చివరిదాకా చదివి తర్వాత తిట్టు.

ఇవాళ గుడిలో ఏం జరిగిందంటే, ఆరాధనకు ముందే ఆడవాళ్ల వైపు గుసగుసలు. కొండమ్మ ఇక రాదట, ఆమె పని ఇంకొకరికి ఇవ్వాలట. ఒకావిడ నీ సంచీ కూడా అడిగింది. నేను గంట తాడు పట్టుకునే అదంతా విన్నాను. తర్వాత జయరావు అయ్యగారు ఎప్పటిలాగే, ప్రభువు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండి అన్నారు. నేను లేచాను.

నేను లేస్తే ఏమవుతుందో నీకు తెలుసు. పిల్లలు ముందే నోళ్లు మూసుకుని కిచకిచలు. డీకను గారు పొడుం డబ్బీ జేబులోకి తోసుకున్నాడు, దాంట్లో నేను ఒకప్పుడు కారం కలిపిన సంగతి ఇంకా మరిచిపోలేదు. నేను నవ్వలేదు. ఇట్లా చెప్పాను: “మా అక్కకు ఆపరేషను అయింది. ఎముకలు తీశారు. ప్రభువు బతికించాడు. వేసవి కూటాల లోపల తన కాళ్ల మీద తను నడిచి ఈ గుమ్మంలోకి వస్తుంది.”

చెప్పేశాను అక్కా. జరగనిదాన్ని జరిగిందని చెప్పేశాను.

గుడి గుడంతా చప్పట్లు కొట్టింది. ముసలమ్మలు కళ్లొత్తుకున్నారు. ఎవరో వెళ్లి తెల్లపుంజును కాళ్లు కట్టి తెచ్చి కృతజ్ఞత కానుకగా బల్ల ముందు పెట్టారు. కొండమ్మ వచ్చినాకే దాన్ని కోయాలి, ఆ రోజు సంఘమంతా కలిసి భోంచేయాలి అని అయ్యగారు చాటించారు.

ఇంటికొచ్చి కూర్చున్నాక చెమటలు పట్టాయి. నా పరాచికాలన్నీ మనుషుల మీద. దేవుడి పేరు మీద ఎప్పుడూ ఆడలేదు. అననీయ అబద్ధమాడి అపొస్తలుల కాళ్ల దగ్గర పడి చచ్చాడని నువ్వే చెప్పావు. నేనింకా పడలేదు. ఎందుకంటే నా మాట అబద్ధమో కాదో ఇంకా తేలలేదు. తేల్చేది నీ సంతకమే.

ప్రేమదాసు.


మంగళగిరి, ఆసుపత్రి,
మార్చి.

ఒరేయ్ గాడిదా,

నీకు బుద్ధి ఎప్పుడొస్తుంది? గడ్డం నెరిసింది. సాక్ష్యమంటే ఏమనుకున్నావు? అది పగటివేషమా? పొందినవాళ్లు చెప్పేది సాక్ష్యం. పొందకముందు చెబితే దాన్నేమంటారు? రేపు నేను చస్తే ప్రభువు మాట తప్పాడని పిల్లలు కూడా అంటారు. ఆయన అనని మాట ఆయన నోట్లో పెట్టావు.

నీ ఉత్తరం చదివి రోజంతా నిన్ను తిడుతూనే ఉన్నాను. పైకే తిట్టానట. రసూల్‌బీ ఏమిటని అడిగితే చదివి వినిపించాను. ఆమె నవ్వి నవ్వి దగ్గింది, నర్సమ్మ వచ్చి ఇద్దరినీ కేకలేసింది. తర్వాత రసూల్‌బీ పైకప్పు వంక చూస్తూ, “నీ మీద అంత నమ్మకం పెట్టుకున్నవాడు ఉన్నాడమ్మా నీకు,” అంది. ఆమెకు కూడా అదే ఆపరేషను. ఆమె కూడా కాగితం తిప్పి పంపింది.

అప్పుడు గమనించాను, ఆ రోజంతా నేను భయపడలేదు. కోపానికే సరిపోయింది. చాలా రోజుల తర్వాత రెండు ముద్దలు తిన్నాను.

పొద్దుపోయాక మళ్లీ భయం వచ్చింది. రానీ అనుకుని సంచీ తెరిచాను. సిలువకు ముందు రాత్రి ప్రభువు ప్రార్థించిన గెత్సేమనే తోట దగ్గర ఆగాను. ఆ కథ ఎన్ని వాకిళ్లలో చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ శిష్యులు నిద్రపోయారని వాళ్లనే తప్పుపట్టాను. ప్రభువు సంగతి ఎప్పుడూ ఆగి చూడలేదు. ఆయనకు భయమేసిందిరా. చెమట పట్టింది. ఈ శ్రమల గిన్నె తప్పించమని తండ్రిని అడిగాడు. తప్పించలేదు. లేచి నడిచాడు. భయం పోయాక లేవలేదు, భయంతోనే లేచాడు. నేను భయపడడం పాపమేమో అనుకుంటూ ఇన్నాళ్లూ ఆయన ముఖం చూడలేకపోయాను.

పొద్దున డాక్టరు గారిని నేనే పిలిచి సంతకం పెట్టాను. నా పేరు నేనే పోల్చుకోలేనట్టు వచ్చింది. వచ్చే గురువారం.

ఒక మాట. బతికితే వచ్చి నిన్ను కొడతాను. బతకకపోతే నువ్వు మళ్లీ గుడిలో లేచి, నేను అబద్ధమాడాను, ప్రభువు ఆడలేదు అని చెప్పాలి. నవ్వకుండా చెప్పాలి. ఇదొక్కటీ నీ మీద పెడుతున్నాను.

నీ అక్క,
కొండమ్మ.


రేగడిపాలెం,
మార్చి.

అక్కా,

ఇది నీకు గురువారం లోపల అందుతుందో లేదో.

ఏదైనా నవ్వొచ్చేది రాద్దామని కూర్చున్నాను. రాలేదు. రెబ్కా అన్నం పెట్టి, తినవేమని అడిగింది. మబ్బు పట్టింది, కళ్లంలో కాయ తడుస్తుందేమోనని చెప్పాను. మబ్బు లేదు.

మంగళగిరి రావాలనుంది. వస్తే బయట కూర్చోబెడతారని, నీ ఆపరేషను అయ్యేదాకా ఆ తలుపు చూస్తూ ఉండాలని ఖాదరు గారు చెప్పారు. నాకు అంత గుండె లేదు అక్కా. ఊరంతా నన్ను దేనికీ భయపడనివాడు అనుకుంటుంది.

గురువారం పొద్దున గంట కొడతాను. ఆ పూట ప్రార్థన లేదు, పెళ్లి లేదు, చావు లేదు. ఎందుకని అడిగితే కొత్త తాడు చూస్తున్నానని చెబుతాను. నీకు అంతదూరం వినపడదు. అయినా కొడతాను.

నిన్న ప్రార్థన చేశాను. సరిగ్గా రాలేదు. సగంలో నిన్నే పిలిచాను.

దాసు.


మంగళగిరి, ఆసుపత్రి,
ఏప్రిల్.

తమ్ముడు ప్రేమదాసుకు, రెబ్కాకు వందనాలు.

బతికాను.

కుడిచెయ్యి ఇంకా లేవడం లేదు. అందుకని ఇది ఎడమచేత్తో రోజుకింత రాస్తున్నాను. కోడి కెలికినట్టుంటే సర్దుకో.

తెల్లవారగానే చక్రాల బండి వచ్చింది. నా వంతే. దాని మీద పడుకుంటే పైకప్పు వెనక్కి పోతూ కనపడింది. పళ్లు టకటకలాడుతున్నాయి. ఏ వాక్యమూ గుర్తు రాలేదు. ప్రభువా, నాకు భయంగా ఉంది, అని అన్నాను. ఊరికే అదే అన్నాను. లోపల పక్కకు తిప్పి పడుకోబెట్టి సూదులు గుచ్చారు. నర్సమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఎముక తెగే చప్పుడు విన్నాను దాసూ. వంటచెరకు విరిచినట్టు ఉంటుంది, కాకపోతే ఆ చప్పుడు మన లోపలి నుంచే వస్తుంది. కదలకూడదు. ప్రతి చప్పుడుకీ, నువ్వు కూడా విన్నావు కదా అయ్యా, సిలువ మేకుల చప్పుడు, అన్నాను. జవాబేమీ రాలేదు. అయితే నా పక్కన ఒకరు మేలుకుని ఉన్నట్టు అనిపించింది. ఇంతకంటే చెప్పడం నాకు చేతకాదు. భయం ఆఖరిదాకా ఉంది. అది నన్ను లేపి పరిగెత్తించలేకపోయింది, అంతే.

కుట్లు వేశాక సొమ్మసిల్లానట, తెలివొచ్చేసరికి ఎప్పుడూ చూడని వార్డులో ఉన్నాను. ఊపిరితిత్తి అణగడానికి ఛాతీ మీద ఇసుక మూట పెట్టారు. పక్క మంచం నుంచి ఎవరో, అత్తా, మంచినీళ్లు ఒక్కసారే తాగకు, గుటకలుగా తాగు, అన్నారు. తల తిప్పి చూస్తే మల్లేశ్వరి. నిక్షేపంలా ఉంది. చక్కెరకేళి తింటోంది. ఆపరేషను అయినవాళ్లను తోట అవతల ఈ వార్డుకే తెస్తారట, పాత వార్డుకు తిరిగి పంపరట. మేమంతా ఆ ఖాళీ మంచాన్ని చూసి వణికిపోయాం. ఒక్కరం నోరు తెరిచి అడిగి ఉంటే ఆ నర్సమ్మే చెప్పేది. నవ్వుదామంటే కుట్లు. కన్నీళ్లు మాత్రం కారాయి.

నా బండి కదిలేముందు రసూల్‌బీ నన్ను ఆపి, మీ తమ్ముడు చెప్పిన మాట నాక్కూడా చెల్లుతుందా అని అడిగింది. ప్రభువు దగ్గర ఇద్దరికీ చోటుంది అన్నాను. ఆ పూటే వేలిముద్ర వేసిందట. వచ్చే వారం ఆమె ఆపరేషను.

నిన్ను కొట్టే సంగతి వాయిదా వేశాను. పొందకముందే సాక్ష్యం చెప్పడం తప్పే. అయితే ఆ రోజు నువ్వు లేచి నిలబడకపోతే నేను ఆపరేషను బల్లెక్కేదాన్ని కాదు. ఈ వయసులో నువ్వు నాకు విశ్వాసం నేర్పావు. వేసవి కూటాల లోపలే పంపిస్తామంటున్నారు. తెల్లపుంజును బాగా మేపమని అయ్యగారికి చెప్పు.

నీ అక్క,
కొండమ్మ.


రేగడిపాలెం,
ఏప్రిల్.

అక్క కొండమ్మకు,

నీ ఉత్తరం శనివారం వచ్చింది. బతికాను అన్నచోటే ఆగి, మిగతాది రెబ్కా చేత చదివించుకున్నాను. అప్పుడు కూడా సగం వినలేదు, వీధిలోకి పోయి కనపడినవాళ్లందరికీ చెప్పొచ్చాను. ఆ సంతోషంలో ఒక తెలివితక్కువ పని చేశాను.

ఆదివారం అయ్యగారు సాక్ష్యం చెప్పేవాళ్లను లేవమన్నారు. లేచాను. గబగబా పోయి నీ ఉత్తరం ఆయన చేతిలో పెట్టి, మీరే చదవండయ్యా అని, వెనక గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని ప్రసంగం గొంతుతో మొదలుపెట్టారు. బండి దగ్గర ఆయన గొంతు తగ్గింది. నీ భయం సంగతి తెలియనీయకు అన్నావు. అందరూ విన్నారు. ఒక్కరూ నవ్వలేదు. నీ సంచీ అడిగినావిడ, “ఆమెక్కూడా భయమేసిందా,” అని మెల్లగా అని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆమె కొడుక్కి కూడా దగ్గు ఉందట. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదట.

తర్వాత అయ్యగారు చివరి ముక్క చదివారు. ముందే చెప్పిన సాక్ష్యం దగ్గర ఒకసారి తడబడ్డారు. తెల్లపుంజు దగ్గర ఆగిపోయారు. కళ్లజోడు తీసి నా వంక చూశారు. “ఏ పుంజు, ప్రేమదాసూ?”

గుడంతా వెనక్కి తిరిగింది. డీకను గారు పొడుం డబ్బీ తెరిచి చూసుకున్నాడు. నేను చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాను. ఆరాధన అయ్యాక అయ్యగారు నన్ను పక్కకు పిలిచి, “ఆమెకు నువ్వే రాయి. ఇంకొకరి నోట తెలియకూడదు,” అన్నారు. అందుకని రాస్తున్నాను.

ముందు రసూల్‌బీ సంగతి. నా మాట నమ్మి ఆమె వేలిముద్ర వేసిందని చదివినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. ఆమెకు నా మాట చెప్పొద్దక్కా. నీ మాట చెప్పు. నర్సమ్మనడిగి ఆమె దగ్గరికి మల్లేశ్వరిని పంపు, కళ్లారా చూస్తుంది. ఆ తర్వాత బల్లెక్కాలో వద్దో ఆమే అనుకుంటుంది. నా మీద ఆధారపడి ఎవరూ ఆ బండి ఎక్కకూడదు.

నేను నీకు విశ్వాసం నేర్పానన్నావు. ఆ ముక్క కొట్టెయ్యి. గంట కొట్టిన గురువారం నిజం. అన్నం దిగకపోవడం నిజం. ఆడవాళ్ల గుసగుసలు కూడా నిజమే, కాకపోతే అవి అంతకుముందు బావి దగ్గర విన్నాను. ఆ ఆదివారం మాత్రం, నేను లేచానన్నానే, చప్పట్లన్నానే, పుంజన్నానే, అదేదీ జరగలేదు. ఆ రోజు నేను గుడికే పోలేదు. అయ్యగారే గంట కొట్టుకున్నారు. మోకాళ్లూనితే మాట రావడం లేదన్న నీ ఉత్తరం జేబులో పెట్టుకుని మాలకొండయ్యగారి కళ్లానికి పోయి, ఎండబోసిన మిరపకాయ మధ్య బోర్లా పడుకున్నాను. అక్కడైతే కళ్లు ఎర్రబడ్డా ఎవరూ ఎందుకని అడగరు. ప్రార్థన అంటూ ఏమీ రాలేదు. మా అక్కను తీసుకుపోవద్దు, తీసుకుపోవద్దు అని కాయలతో చెప్పినట్టు చెబుతూ పడుకున్నాను. పొద్దువాలినాక ఒళ్లంతా మంటతో ఇంటికొచ్చి, కాగితం తీసుకుని, నేను లేచి నిలబడ్డానని నీకు రాశాను.

దాసు.